డిక్కీలో సబ్‌వూఫర్: లెక్క బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి

సబ్‌వూఫర్ అంటే బేస్ మాత్రమే మోగించే పెద్ద స్పీకర్, పొట్టిగా సబ్. దానికోసం కార్ డెకర్స్ షాపుకెళ్తే ముందు చూపించేది అట్టపెట్టె మీద అంకె. 1300 వాట్స్ అని ముందువైపు పెద్దక్షరాల్లో ఉంటుంది. అదే పెట్టె వెనక చిన్నక్షరాల్లో ఆర్‌ఎంఎస్ 300 అనో, నామినల్ 350 అనో కనిపిస్తుంది. మనకు పనికొచ్చేది ఆ చిన్నక్షరాల అంకే. పెద్ద అంకె ఒక్క క్షణం తట్టుకోగల శక్తి. ఆర్‌ఎంఎస్ అంటే వాయిస్ కాయిల్ (స్పీకర్ కోన్‌ని కదిలించే తీగచుట్ట) కాలిపోకుండా గంటల తరబడి మోయగల శక్తి. ఎక్కడా ఆర్‌ఎంఎస్ రాయని సరుకు ఎంత చవకగా వచ్చినా వద్దు.

యాంప్లిఫైయర్‌కీ ఇదే మాట. సీటీఏ-2006 (పాత పేరు సీఈఏ-2006) అనే కొలత ప్రమాణం ముద్ర ఉంటే 14.4 వోల్టుల దగ్గర, ధ్వని వక్రీకరణ 1 శాతం దాటకుండా కొలిచిన వాట్లని నమ్మొచ్చు. ముద్ర లేకపోతే యాంప్ ఒంటికి గుచ్చి ఉన్న ఫ్యూజు చూడండి. దాని ఆంపియర్లను 13.8తో గుణించి, క్లాస్ డి అయితే మళ్లీ 0.8తో, క్లాస్ ఏబీ అయితే 0.55తో గుణించండి (ఇవి యాంపుల్లో రెండు రకాలు, ఆ అంకెలు వాటి సామర్థ్యం). 30 ఆంపియర్ల ఫ్యూజున్న క్లాస్ డి యాంప్ ఇవ్వగలిగేది దాదాపు 330 వాట్లు. పైన 2000 అని రాసి ఉన్నా అంతకుమించి రాదు.

మీ కారులో మిగిలే కరెంటెంత

ఇంజిన్ నడుస్తున్నంతసేపు కరెంటు పుట్టేది ఆల్టర్నేటర్‌లో. చిన్న పెట్రోల్ కార్లలో అది మామూలుగా 70 నుంచి 90 ఆంపియర్లది. ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు, ఫ్యూయల్ పంపు కలిసి అందులో పెద్ద వాటా లాగేస్తాయి. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి ఆంపియర్లు ఇవ్వదు కూడా. అందుకే కంపెనీ బ్యాటరీ, కంపెనీ ఆల్టర్నేటర్ మార్చకుండా ఉంచే కారుకి 300 నుంచి 500 వాట్స్ ఆర్‌ఎంఎస్ లోపు ఆగడం మంచిది. హ్యాచ్‌బ్యాక్ లోపలి చోటు తక్కువ కాబట్టి 300 వాట్లకే సీటు కదులుతుంది.

ఇక్కడి నుంచి ఒకే ఉదాహరణ పట్టుకుని పోదాం: స్విఫ్ట్, ఐ20 లాంటి కారు, 300 వాట్స్ ఆర్‌ఎంఎస్ ఉన్న ఒక 10 అంగుళాల సబ్, ఒక క్లాస్ డి మోనో (ఒకే ఛానెల్ ఉన్న) యాంప్. 300 వాట్లు బయటికి రావాలంటే 80 శాతం సామర్థ్యంతో లోపలికి 375 వాట్లు వెళ్లాలి. 13.8 వోల్టుల దగ్గర అది 27 ఆంపియర్లు. అదే క్లాస్ ఏబీ యాంప్ అయితే దాదాపు 40 ఆంపియర్లు లాగి, ఆ తేడా మొత్తాన్నీ వేడిగా డిక్కీలో వదులుతుంది. సబ్‌కి క్లాస్ ఏబీ కొనడానికి ఇవాళ కారణమేమీ లేదు.

డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవాళ్లు పెద్ద బాక్సు ఆశ మానుకుని, డ్రైవర్ సీటు కింద పట్టే యాక్టివ్ సబ్ (యాంప్ తనలోనే ఉన్నది) చూసుకోవాలి. సిలిండర్ బ్రాకెట్లకు గానీ, వాటి బోల్టులకు గానీ వైరు కట్టకూడదు.

సీల్డ్ బాక్సా, పోర్టెడ్ బాక్సా

సీల్డ్ అంటే గాలి పోకుండా అంతా మూసేసిన బాక్సు, పోర్టెడ్ అంటే గాలి ఆడే గొట్టం (పోర్టు) ఉన్న బాక్సు. డప్పు దెబ్బ, తబలా డగ్గా, బేస్ గిటార్ విడివిడిగా, తెగినట్టు వినబడాలంటే సీల్డ్. తీన్‌మార్, డీజే పాటలకు గుమ్మని మోగాలంటే పోర్టెడ్. రేకు డబ్బాల్లా గుండ్రంగా దొరికే బాస్ ట్యూబులు దాదాపు అన్నీ పోర్టెడ్ రకమే. పోర్టెడ్‌కి చోటు ఎక్కువ కావాలి, లెక్క తప్పితే సబ్ పాడవుతుంది. పోర్టు ట్యూనింగ్ (ఆ గొట్టం ఏ ఫ్రీక్వెన్సీకి కుదిర్చారో అది) కన్నా కింది ఫ్రీక్వెన్సీల్లో కోన్‌ని ఆపడానికి లోపల గాలి ఒత్తిడి ఉండదు, అది హద్దు దాటి ఊగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు సీల్డ్ బాక్సే చెబుతాం. నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చినా అది క్షమిస్తుంది.

10 అంగుళాల సబ్‌కి సీల్డ్ బాక్సు 14 నుంచి 22 లీటర్లు, 12 అంగుళాలకు 23 నుంచి 35 లీటర్లు మామూలు కొలత. మీ సబ్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక)తో 20 లీటర్ల బాక్సుకి కార్పెంటర్ కిచ్చే కొలతలు ఇవి: ముందు, వెనక పలకలు 37.6 × 33.6 సెంటీమీటర్లు రెండు. పైన, కింద 37.6 × 20 రెండు. పక్కలకు 30 × 20 రెండు. లోపల 34 × 30 × 20, అంటే 20.4 లీటర్లు. సబ్ అయస్కాంతం, బాస్కెట్ లీటరున్నర మింగేస్తే 19 దాకా మిగులుతుంది. లోతు 20 సెంటీమీటర్లే కాబట్టి సబ్ మౌంటింగ్ డెప్త్ 15 దాటకుండా చూసుకోండి. సబ్ పెట్టే రంధ్రం వ్యాసం అట్టపెట్టెలో వచ్చే కాగితం మీద ఉంటుంది, ఊహించి కోయించొద్దు.

ఎండీఎఫ్ అంచులోకి నేరుగా స్క్రూ దింపితే పలక పగులుతుంది. ముందు సన్న డ్రిల్ బిట్‌తో దారి చేసి, ఫెవికాల్ రాసి, 40 ఎంఎం స్క్రూలు 10 సెంటీమీటర్లకొకటి బిగించాలి. లోపలి మూలలన్నిటికీ సిలికాన్ సీలెంట్ పూయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వదిలే ఆవిరి సబ్ అంచులకు చెడు చేస్తుంది. కాబట్టి ఒక రోజంతా ఆరాకే సబ్ బిగించాలి. దిండ్లలో కూరే పాలిస్టర్ దూది పావుకిలో వదులుగా నింపితే బాక్సు కాస్త పెద్దదైనట్టు పనిచేస్తుంది. బిగించాక కోన్‌ని రెండు చేతుల వేళ్లతో మెల్లగా, సమంగా లోపలికి నొక్కి వదలండి. నిదానంగా వెనక్కి వస్తే గాలి పోవడం లేదన్నట్టు. టక్కున వస్తే ఎక్కడో సందు ఉంది.

ఎండీఎఫ్‌కి నీళ్లంటే పడదు. వానాకాలం డిక్కీలో తడి చేరే కారయితే మెరైన్ ప్లై వాడండి. ఎలా చేసినా బాక్సుని బెల్టుతోనో, ఎల్ క్లాంపులతోనో కట్టేయాల్సిందే. పదిహేను కిలోల పెట్టె సడన్ బ్రేకులో వెనక సీటు వాళ్ల మీదికి వస్తుంది.

ఓమ్‌ల లెక్క

ఎక్కువమంది యాంపులు కాల్చుకునేది ఇక్కడే. సబ్ సింగిల్ వాయిస్ కాయిల్‌ది కావచ్చు, డ్యూయల్ వాయిస్ కాయిల్‌ది కావచ్చు. డ్యూయల్ అయితే నాలుగు టెర్మినళ్లుంటాయి.

డ్యూయల్ 4 ఓమ్ సబ్‌ని ప్యారలల్‌గా కలిపితే, అంటే రెండు ప్లస్‌లు ఒకచోట, రెండు మైనస్‌లు ఒకచోట కడితే, 2 ఓమ్‌లు. సిరీస్‌లో, అంటే మొదటి కాయిల్ మైనస్‌ని రెండో కాయిల్ ప్లస్‌కి కలిపి, మిగిలిన రెండు కొసలు యాంప్‌కిస్తే, 8 ఓమ్‌లు. డ్యూయల్ 2 ఓమ్ సబ్ అయితే ప్యారలల్‌లో 1, సిరీస్‌లో 4. రెండు డ్యూయల్ 2 ఓమ్ సబ్‌లుంటే ఒక్కోదాన్ని సిరీస్ చేసి, ఆ రెంటినీ ప్యారలల్ చేస్తే 2 ఓమ్‌లు. రెండు డ్యూయల్ 4 ఓమ్ సబ్‌లను అన్నీ ప్యారలల్‌గా కలిపితే 1 ఓమ్, దాన్ని 1 ఓమ్ స్టేబుల్ అని రాసిన మోనో యాంప్ మాత్రమే మోస్తుంది.

ఫోర్ ఛానెల్ యాంప్‌లో రెండు ఛానెళ్లు బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి, సబ్ నడపొచ్చు. కానీ అలా చేసినప్పుడు చాలా యాంపులకు కింది హద్దు 4 ఓమ్‌లు. దానికి 2 ఓమ్‌ల సబ్ తగిలిస్తే మొదటి పాటకి పనిచేసి, మూడో పాటకి ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనను కాపాడుకోవడానికి తానే ఆగిపోతుంది. డ్యూయల్ కాయిల్ సబ్‌లో ఒక్క కాయిలే వాడి రెండోది ఖాళీగా వదిలేయడం కూడా తప్పే. అది మోసే శక్తి సగానికి పడిపోతుంది. ఒక కాయిల్ ప్లస్ మైనస్ తారుమారైతే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, శబ్దం రాదు, కాయిల్ మాత్రం కాలుతుంది.

కలిపాక యాంప్‌కి తగిలించే ముందు మల్టీమీటర్‌తో కొలవండి. మీటర్ చూపేది డీసీ నిరోధం కాబట్టి రాసినదానికన్నా కాస్త తక్కువ వస్తుంది: 4 ఓమ్‌లది 3.2 నుంచి 3.6, 2 ఓమ్‌లది 1.6 నుంచి 1.9. ఈ హద్దులకు దూరంగా ఉంటే కనెక్షన్ మళ్లీ చూడండి.

మన ఉదాహరణకు డ్యూయల్ 4 ఓమ్ సబ్ తీసుకుని ప్యారలల్ చేద్దాం. 2 ఓమ్‌ల దగ్గర 300 నుంచి 400 వాట్స్ ఆర్‌ఎంఎస్ ఇచ్చే మోనో యాంప్ దానికి సరిజోడు. యాంప్ కాస్త పెద్దదైతే భయం లేదు, గెయిన్ తగ్గించుకోవచ్చు. చిన్న యాంప్‌ని గొంతు చించుకునేదాకా పెంచడమే ప్రమాదం. శక్తి చాలని యాంప్ తరంగం తలలు నరికేసినట్టు క్లిప్ చేస్తుంది. అప్పుడు యాంప్ రేటింగ్ కన్నా ఎక్కువ సగటు శక్తి, దాదాపు రెట్టింపు దాకా, వేడిగా కాయిల్‌లోకి పోతుంది.

వైరు దగ్గర బేరం వద్దు

వైరింగ్ కిట్టు అని అట్టపెట్టెలో అమ్మేవాటిలో చాలావరకు రాగిపూత పూసిన అల్యూమినియం, అదే సీసీఏ. ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. దాని వాహకత రాగిలో మూడింట రెండు వంతుల లోపే. పైగా నట్టు కింద నలిగి, కొన్నాళ్లకు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది.

లెక్క చూడండి. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు. 8 గేజ్ అసలు రాగి వైరు (8.4 స్క్వేర్ ఎంఎం) మీటరుకి దాదాపు 2 మిల్లీఓమ్‌లు. 27 ఆంపియర్లు పారితే దారిలో 0.28 వోల్టు పోతుంది. అదే సీసీఏ అయితే 0.45 దాకా పోతుంది. 4 గేజ్ రాగి (21 స్క్వేర్ ఎంఎం) అయితే 0.11 మాత్రమే. 300 వాట్లకు 8 గేజ్ రాగి చాలు. 500 వాట్లకు 4 గేజ్ వేయండి. రేపు పెద్ద యాంప్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 4 గేజ్ లాగేయండి, కార్పెట్ రెండుసార్లు విప్పక్కర్లేదు. ఆడియో వైరు దొరకని ఊళ్లో అసలు రాగితో చేసిన 16 లేదా 25 స్క్వేర్ ఎంఎం వెల్డింగ్ కేబుల్ చక్కగా పనికొస్తుంది. దాని పోగులు సన్నగా ఉండి వంపులకు లొంగుతాయి. ఇంటి వైరింగ్‌కి వాడే గట్టి పోగుల వైరు కారు అదురుకి తెగుతుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అది యాంప్‌ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. డోరు కింద వైరు నలిగి బాడీకి తగిలితే బ్యాటరీ కొన్ని వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. ఫ్యూజు డిక్కీలో పెడితే ఆ ఐదు మీటర్లకూ దిక్కు లేదు, కారు తగలబడుతుంది. 8 గేజ్ రాగికి 50 ఆంపియర్లు, 4 గేజ్‌కి 100 దాటొద్దు. ఫ్యూజు ఎగిరిందని అంతకన్నా పెద్దది వేయడం, వెండి కాగితం చుట్టడం అసలు చేయొద్దు.

బిగించే వరుస

ముందు 10 ఎంఎం స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కకు పెట్టండి. పని మొత్తం అయ్యాకే, చిట్టచివర అది మళ్లీ బిగించాలి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లుంటే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుళ్ల దరిదాపుల్లోకే వెళ్లొద్దు.

ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడలో కంపెనీ వైర్లు వెళ్లే రబ్బరు గ్రోమెట్ ఉంటుంది. దానికి చిన్న గాటు పెట్టి, గట్టి తీగతో వైరు లాగండి. కొత్తగా రేకుకి డ్రిల్ వేయాల్సి వస్తే అంచులు ఆకురాయితో నునుపు చేసి, గ్రోమెట్ పెట్టకుండా వైరు దూర్చకండి. ఇంజిన్ వైపున్న వైరు మొత్తానికి ఫ్లెక్సిబుల్ పైపు తొడగాలి, సైలెన్సర్ పైపుకీ ఫ్యాన్‌కీ దూరంగా కట్టాలి. పవర్ వైరు కారుకి ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ వైరు (స్టీరియో నుంచి యాంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేది) ఇంకో పక్క నుంచి వెనక్కి వెళ్లాలి. రిమోట్ వైరు (స్టీరియో వేయగానే యాంప్‌ని ఆన్ చేసేది) ఆర్‌సీఏతో పాటు పోవచ్చు.

మార్కెట్లో కొన్న స్టీరియో అయితే నీలం-తెలుపు చారల వైరు రిమోట్. దాన్ని యాంప్ రిమోట్ టెర్మినల్‌కివ్వాలి. కంపెనీ స్టీరియోకి ఆర్‌సీఏ లేకపోతే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ తీసుకుని, వెనక స్పీకర్ల వైర్ల నుంచి సిగ్నల్ తెచ్చుకోవాలి. చాలా యాంపులు ఆ వైర్లలో ఉండే కొద్దిపాటి డీసీ వోల్టేజీ చూసి వాటంతటవే ఆన్ అవుతాయి, వాటికి రిమోట్ అక్కర్లేదు. వారంటీలో ఉన్న కారుకి వైరు కోయకుండా, మీ మోడల్ కప్లర్ అడిగి తెచ్చుకోండి.

ఇక ఎర్త్. సగం ఫిర్యాదులకు మూలం ఇదే. యాంప్ నుంచి అర మీటరు లోపు, బాడీ షెల్‌లో భాగమైన మందపాటి రేకు ఎంచుకోండి. సీటు బెల్టు బోల్టు వాడొద్దు. వెనక సీటు కింద పెట్రోల్ ట్యాంకు ఉంటుంది, కిందికి వంగి చూడకుండా డ్రిల్ పెట్టొద్దు. రూపాయి బిళ్లంత మేర ఎమెరీ పేపర్‌తో పెయింటు పోయి రేకు తళతళలాడేదాకా రుద్దండి. పవర్ వైరు ఎంత లావో ఎర్త్ వైరూ అంతే లావు ఉండాలి. లగ్గుని (వైరు కొసకు తొడిగే రింగు) ప్లయర్‌తో నొక్కి సరిపెట్టకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. 8 ఎంఎం బోల్టు, పళ్ల వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయండి. ఐడిల్ స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద ఒక సెన్సర్ ఉంటుంది. యాంప్ ఎర్త్‌ని నేరుగా ఆ టెర్మినల్‌కి కలిపితే దాని లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వాలి.

యాంప్ నుంచి సబ్‌కి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. యాంప్‌ని తలకిందులుగా గానీ, కార్పెట్ కింద గానీ బిగించొద్దు. చుట్టూ 5 సెంటీమీటర్లు గాలి ఆడాలి. మే నెలలో రెంటచింతల ఎండకు నిలబెట్టిన కారు డిక్కీలో అది స్టార్ట్ చేయకముందే కాలుతూ ఉంటుంది.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

స్టీరియో ఇచ్చే వోల్టేజీకీ యాంప్‌కీ పొత్తు కుదిర్చే మర గెయిన్. చెవితో తిప్పితే ఎప్పుడూ ఎక్కువకే పోతుంది. సబ్ వైర్లు యాంప్ నుంచి తీసేయండి. బాస్ బూస్ట్ సున్నా, స్టీరియో ఈక్వలైజర్ ఫ్లాట్, గెయిన్ పూర్తిగా కిందికి. ఫోన్లోనో పెన్‌డ్రైవ్‌లోనో 50 హెర్ట్జ్, 0 డీబీ సైన్ టోన్ పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి, స్టీరియో వాల్యూమ్ మూడొంతుల దాకా పెంచండి. మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి యాంప్ అవుట్‌పుట్ టెర్మినళ్ల దగ్గర చూస్తూ గెయిన్ పెంచండి. మన ఇంటి కరెంటు కూడా 50 హెర్ట్జే కాబట్టి చవక మీటర్ కూడా ఇక్కడ సరిగ్గానే చూపిస్తుంది.

ఎక్కడ ఆపాలంటే, వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 300 వాట్లు, 2 ఓమ్‌లు: 24.5 వోల్టులు. 300 వాట్లు 4 ఓమ్‌లకైతే 34.6. 500 వాట్లు 1 ఓమ్‌కైతే 22.4. సబ్, యాంప్ రెంటిలో ఏది చిన్నదో ఆ వాట్లే లెక్కలోకి తీసుకోండి. ఆ మూడొంతుల గీత మీ స్టీరియోకి ఇక పై హద్దు.

తర్వాత లో పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలనే సబ్‌కి వదిలేది) 80 హెర్ట్జ్ దగ్గర. స్టీరియోలో హై పాస్ (పై ఫ్రీక్వెన్సీలనే వదిలేది) ఉంటే డోర్ స్పీకర్లకు అదీ 80 దగ్గరే పెట్టండి, గొంతులు తేటపడతాయి. పోర్టెడ్ బాక్సయితే సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) తప్పనిసరి, ట్యూనింగ్ కన్నా 5 హెర్ట్జ్ కింద. ఫేజ్ స్విచ్ 0లో, 180లో పెట్టి అదే పాట వినండి. డ్రైవర్ సీట్లో ఏది నిండుగా వినిపిస్తే అదే సరైనది.

చెడితే ఎక్కడ వెతకాలి

ఇంజిన్ రేస్ చేసేకొద్దీ కూయ్‌మనే చప్పుడు పెరుగుతుంటే అది ఆల్టర్నేటర్ రొద. ముందు ఎర్త్ విప్పి మళ్లీ రుద్దండి. తగ్గకపోతే ఆర్‌సీఏ పవర్ వైరు పక్కనే పోతోందేమో చూడండి. నాయిస్ ఫిల్టర్ కొనడం చివరి మాట. యాంప్ ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పీకడం, గుచ్చడం చేయొద్దు. స్టీరియో లోపలి సన్న ఎర్త్ పోయి ఈ రొద శాశ్వతమవుతుంది.

ప్రొటెక్ట్ లైటు వెలిగితే ముందు సబ్ వైర్లు తీసి ఆన్ చేయండి. లైటు పోతే తప్పు సబ్‌లోనో దాని వైర్లలోనో ఉంది. పోకపోతే ఆర్‌సీఏ కూడా తీయండి. అప్పటికీ పోకుండా, పవర్, ఎర్త్ సరిగా ఉంటే యాంప్ లోపల పోయింది. అరగంట తర్వాత మాత్రమే వస్తుంటే వేడి లేదా తక్కువ ఓమ్‌లు.

పాట దెబ్బకి హెడ్‌లైట్లు మసకబారుతుంటే షాపుల్లో కెపాసిటర్ అంటగడతారు. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి పడేలోపు ఇచ్చేది 26 జౌల్స్. 375 వాట్లు లాగే యాంప్‌కి అది సెకనులో పద్నాలుగో వంతు. ఆ డబ్బు మందపాటి రాగి వైరు మీద, మంచి బ్యాటరీ మీద పెట్టండి. పాట గట్టిగా పెట్టి యాంప్ ఎర్త్ టెర్మినల్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య డీసీ వోల్టులు కొలవండి. 0.2 దాటితే ఎర్త్ దారిలో లోపం. యాంప్ దగ్గర పవర్ వోల్టేజీ ఇంజిన్ ఆన్‌లో 13 కిందికి పోతుంటే బ్యాటరీ దగ్గరా కొలవండి. అక్కడా తక్కువైతే ఆల్టర్నేటర్ మోయలేకపోతోంది, అక్కడ బాగుంటే వైరు తింటోంది.

పొద్దున్నే బ్యాటరీ చచ్చి ఉంటే రిమోట్ వైరుని ఎవరైనా నేరుగా 12 వోల్టులకు కలిపారేమో చూడండి. నంబర్ ప్లేటు, పార్సిల్ ట్రే గలగలలాడితే వెనక ఫోమ్ టేపు అంటించండి. కాలిన వార్నిష్ వాసన వస్తే వెంటనే ఆపి, కాయిల్ ఓమ్‌లు మళ్లీ కొలవండి.

నెల తిరిగాక ఒకసారి బానెట్ ఎత్తండి. ఇరవై నిమిషాలు గట్టిగా పాటలు వేశాక ఇంజిన్, యాంప్ రెండూ ఆపి, ఫ్యూజు హోల్డర్‌ని చేత్తో తాకి, దాని పక్క వైరుతో పోల్చండి. ఇంజిన్ గది వేడి రెంటికీ సమానమే. హోల్డర్ మాత్రం ఎక్కువ కాలుతుంటే దాని స్క్రూలు వదులయ్యాయి. బ్యాటరీ నెగటివ్ తీసి, వైరు కొసని కొత్తగా కత్తిరించి, మళ్లీ లగ్గు వేసి బిగించండి.